ఆకు రాల్చిన చెట్టు

సంవత్సరమునకు ఆరు ఋతువులు. వానిలో శిశిరమునకు మన పెద్దలు ఆకురాలు కాలమని పేరు పెట్టిరి. వసంతమును పొగడినవారు పెక్కురు. వానకాలమును వర్ణించినవారు పెక్కురు. శిశిరమును తలచువారు మాత్రము అరుదు. ఆకు రాలిన చెట్టును చూడగానే మనుష్యుని మనస్సునకు ముసలితనమో, లేమియో, మృత్యువో స్ఫురించుట సహజము. కాని ముప్పది యేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పుచు, బడి ఆవరణములలోని చెట్లతోడను, ఆ చెట్ల నీడను కూర్చున్న పిల్లలతోడను కాలము గడిపిన నాకు ఈ ఋతువే తక్కిన యైదింటికంటె ఎక్కువ నేర్పినది. బాలబాలికలారా! నేను నేర్చుకొన్న దానిలో కొంత మీకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది కొల్లాపూర్. ఇది పూర్వము జటప్రోలు సంస్థానమునకు రాజధాని. సురభి వంశపు ప్రభువుల కోట నేటికిని మా ఊరిలో నిలిచియున్నది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండిన ఈ ఊరు ఆ సంవత్సరమునుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది. మాకు ఒకవంక కృష్ణానది, ఒకవంక నల్లమల కొండలు. పేరునకు నది దాపుననే యున్నను, మా నేలలు చాలవరకు ఎర్రని చెలకలు. నడుమ నడుమ రాతిగుట్టలు. మృగశిర కార్తెతో మొదలైన వాన దసరా నాటికి వెనుదిరుగును. పిమ్మట ఏడెనిమిది నెలలు ఆకాశమునుండి చినుకు రాలుట అరుదు. రోహిణీ కార్తె వచ్చునప్పటికి బండలు పగులునని మా పెద్దలు చెప్పెడివారు. అట్టి యెండలో, అట్టి నేలలో, నీరు పోయు చేయి లేకయే నూరేండ్లు బ్రతుకు చెట్లు నల్లమలలో లక్షలున్నవి. అవి యెట్లు బ్రతుకుచున్నవి? ఈ ప్రశ్నకు సమాధానము వాని రాలిన ఆకులలోనే కలదు.

భాద్రపదమాసములో నల్లమలను చూచినవారు దానిని పచ్చని సముద్రమందురు. ఆ అడవినే మాఘమాసములో చూచినవారు బూడిద పూసికొన్న సన్న్యాసుల గుంపందురు. రెండును సత్యమే. అది ఆకురాల్చు అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, యేగి, తునికి, మొర్రి, ఇప్ప, బూరుగు, మోదుగు, రేల, నారయేపి, ఇవి యన్నియు ఏటేట తమ పచ్చదనమును దించి నేలపై పెట్టునవే. అన్నియు ఒకే దినమున రాల్చవు. బూరుగు తొందరపడును, మోదుగు దాని వెంట నడచును, నారయేపి చివరివరకు ఆకును పట్టుకొని యుండి, కొలది దినములు మాత్రమే బోడిగా నిలిచి, మరల చిగిర్చును. ఎవరి లెక్క వారిది.

ఈ చెట్లలో ఒక్కొక్కదానిది ఒక్కొక్క స్వభావము. తపసి చెట్టును చూడుడు. దాని బెరడు తెల్లగా, నున్నగా, కాగితపు పొరలవలె నుండును. ఎండకాలమున ఆకు లేక రాతిగుట్టపై నొంటిగా నిలిచినప్పుడు దాని పేరు దానికెంత తగినదో తెలియును. ఆ చెట్టు గాటునుండి కారు జిగురు మందులయందును, ఆహారపదార్థములయందును వాడబడును. నల్లమల చెంచులు దానిని సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముదురు. లోతుగా నరికినచో చెట్టు చచ్చును. మితముగా గీసినచో గాయము మాని మరల జిగురిచ్చును. ఇక నారయేపి. దాని ఆకు రెండుగా చీలి మేకడెక్కను బోలియుండును. దాని కట్టె మన దేశపు కట్టెలలో మిక్కిలి బరువైన వానిలో నొకటి. నీటిలో వేసిన మునుగును. బెరడునుండి తీసిన నారతో త్రాళ్లు పేనుదురు. టేకు లేత ఆకును అరచేతిలో నలిపినచో గోరింట పెట్టినట్లు ఎర్రనగును. ఈ సంగతి అడవి అంచున పెరిగిన పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇప్పచెట్టు ఆకులు రాల్చిన తరువాత పూయును. ఆ పూవులు తెల్లవారుజామున నేలరాలగా చెంచు స్త్రీలు ఏరుకొందురు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1940 లో నల్లమల చెంచుల నడుమ నివసించి, వారి జీవనమును గూర్చి 1943 లో ఒక గ్రంథమును ప్రకటించెను. చెట్లు ఆకు రాల్చు వేళను, పూచు వేళను, కాయు వేళను బట్టి యేడాదిని లెక్కించుకొను జనులకు అడవియే పంచాంగము.

కొన్ని యేండ్ల క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు ఉద్యోగరీత్యా అమెరికా ఖండమునకు పోయి, అచ్చటి ఉత్తర డకోటా రాష్ట్రమున కాపురముండెను. మొదటి శీతకాలమున అతడు నాకొక ఛాయాచిత్రము పంపెను. కనుచూపు మేర తెల్లని మంచు. దాని నడుమ బారులు తీరిన నల్లని చెట్లు. ఒక్కదానికిని ఒక్క ఆకు లేదు. "గురువుగారూ! ఇచ్చట చెట్లన్నియు చచ్చినట్లున్నవి. వీనిని చూచినప్పుడెల్ల నాకు దిగులు కలుగుచున్నది" అని వ్రాసెను. నేను అతనికి ప్రత్యుత్తరముగా మా అడవి చిత్రమొకటి పంపితిని. అది చైత్రమాసపు నల్లమల. అచ్చటను కనుచూపు మేర బోడి చెట్లే. క్రింద మంచునకు బదులు ఎండుటాకులు. "రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుము. ఆ చెట్లును, ఈ చెట్లును ఒకే పాఠమును రెండు బడులలో చదువుకొన్నవి" అని వ్రాసితిని.

ఆ పాఠమేమో వివరించెదను. చెట్టు ఆకులద్వారా ఎండను గ్రహించి తన అన్నమును వండుకొనును. అన్నము వండుటకు గాలి కావలెను గనుక ఆకులయందు కంటికి కనబడని రంధ్రములు వేలకొలది యుండును. గాలి లోనికి వచ్చు ద్వారముననే నీరు ఆవిరియై బయటకు పోవును. కావున వేరు ఎంత నీరు తెచ్చునో చూచుకొని ఆకు ఖర్చు పెట్టవలెను. వేరునకు నీరు దొరకని కాలమున ఆకులను నిలుపుకొన్న చెట్టు, రాబడి లేని యింటిలో నిత్యము విందులు చేయు గృహస్థువంటిది. వివేకము గల చెట్టు ముందుగానే పొయ్యి ఆర్పివేయును.

మా యెండకాలమున నేలలో నీరు లేదు. కావున మా చెట్టు ఆకు రాల్చుచున్నది. మరి ఉత్తర డకోటాలో నీటికి కొదువ యేమి? నేలయంతయు మంచే గదా! అని మీరడుగవచ్చును. నీరు గడ్డకట్టి రాయియైనప్పుడు వేరు దానిని పీల్చజాలదు. దప్పిగొన్నవానికి తాళము వేసిన బావి యెట్టిదో, చెట్టునకు గడ్డకట్టిన నేల యట్టిది. ఆ సీమలో చలి సున్నకు క్రిందుగా ముప్పది డిగ్రీల సెల్సియస్ వరకును, ఒక్కొక్కప్పుడు అంతకంటెను దిగజారును. వెడల్పైన ఆకులు కొమ్మపై నిలిచియున్నచో వానిపై మంచు పేరుకొని ఆ బరువునకు కొమ్మలు విరుగును. కావున ఇచ్చట ఎండకు, అచ్చట చలికి, రెండు చోట్లను చెట్టు చేసిన పని యొక్కటే. శత్రువులు వేరు, ఉపాయము ఒకటి. నిప్పును, మంచును పరస్పర విరుద్ధములని మనము తలంతుము. చెట్టు దృష్టిలో రెండును దప్పికయే.

ఆకును రాల్చుట యనగా పారవేయుట కాదు. ఈ విషయమును చక్కగా గమనింపుడు. రాల్చుటకు ముందు చెట్టు ఆకులోని పత్రహరితమును విడగొట్టి, నత్రజని, భాస్వరము మొదలగు విలువైన పదార్థములను కొంతవరకు కొమ్మలోనికి తీసికొనును. ఆకుపచ్చ తొలగగా, అంతవరకు దాని చాటున నుండిన పసుపువన్నె బయటపడును. పండుటాకు పసుపు రంగు కొత్తగా వచ్చినది కాదు. అది మొదటినుండి యున్నదే. తరువాత తొడిమ మొదట మెత్తని కణముల పొర యొకటి యేర్పడును. దాని వెనుక కొమ్మవైపున మరియొక గట్టి పొర యేర్పడి గాయమును ముందుగానే మూయును. అటుపిమ్మట చిరుగాలి తగిలినను ఆకు ఊడిపడును. ఊరు విడుచువాడు సామానులు సర్ది, బాకీలు తీర్చి, తలుపు వేసి పోయినట్లు చెట్టు పద్ధతిగా ఆకును పంపును. ఆకు రాలిన చోటనే, దాని తొడిమ గుర్తునకు పైగా, రాబోవు సంవత్సరపు మొగ్గ కూర్చుండి యుండును. చలిదేశముల చెట్లలో ఆ మొగ్గకు పొలుసుల దుప్పటి కూడ నుండును. అంతియే కాదు, ఆ చెట్ల కణములలోని నీరు కొంత వెలుపలికి పోయి, లోపల చక్కెరలు పెరుగుటచే, కణముల లోపల మంచుగట్టక చెట్టు బ్రతికియుండును.

ఇంకొక వింత కలదు. మా చెట్లలో పెక్కు, వాన రాకకు ముందే, వైశాఖపు మండుటెండలో చిగురించును. నీరెక్కడిది? ఆకులు లేని చెట్టు ఖర్చు తగ్గించుకొనుటచే దాని మ్రానిలోను, కొమ్మలలోను కొంత నీరు నిలువయగును. లోతుగా పోయిన వేళ్లు మరికొంత తెచ్చును. ఆ కూడబెట్టిన దానితో చెట్టు ముందుగా ఆకులను సిద్ధపరచుకొనును. మృగశిర నాడు మొదటి వాన పడునప్పటికి దాని వంటశాల సిద్ధముగా నుండును. వాన వచ్చిన తరువాత నాగలి వెదకుకొను రైతునకును, వానకు ముందే నాగలి చెక్కించుకొను రైతునకును ఉండు భేదమిది. పూవుల సంగతియు నిట్టిదే. మోదుగు ఫాల్గుణములోను, రేల వైశాఖ జ్యేష్ఠములలోను పూయును. ఆకు అడ్డు లేకుండుటచే మోదుగుపూవులు దూరమునుండియే పక్షులకు కనబడును. గోరువంకలు, తేనెపిట్టలు వచ్చి మకరందము త్రాగి పుప్పొడిని చేరవేయును. బోడికొమ్మయే ఆ పూవునకు అంగడి వీథి.

ఇంత చెప్పుటకు కారణమున్నది. నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో ఒక పల్లెబడిలో పనిచేసితిని. ఆ బడి ముంగిట పెద్ద మోదుగు చెట్టొకటి, బావి చెంత నారయేపి యొకటి యుండెను. ఒక మాఘమాసమున నేను శిక్షణకై రెండు దినములు పట్టణమునకు పోయి తిరిగి వచ్చునప్పటికి మోదుగు లేదు. ప్రహరీగోడ కట్టుటకు కట్టెల సొమ్ము కూడ గావలెనని, ఎండిన చెట్ల జాబితా యొకటి వ్రాసి, దానిలో ఈ రెంటిని చేర్చిరట. నేను పోయి చూచితిని. నరికిన మొదటినుండి ఎర్రని రసము కారి, ఎండకు గడ్డకట్టి, కెంపురాళ్లవలె మెరయుచుండెను. మోదుగు బెరడులో అట్టి ఎర్రని జిగురుండును. పడియున్న కొమ్మల చివరలను మొగ్గలు, నల్లని మఖమలు గుడ్డతో కుట్టినట్లు, గుత్తులు గుత్తులుగా నుండెను. ఇంకొక పదునైదు దినములలో విచ్చవలసినవి. పిల్లలు వానిని ఏరుచుండిరి. వారిలో ఆరవ తరగతి బాలుడొకడు నా వంక చూచి, "సారూ, ఎండిన చెట్టుకు నెత్తురొస్తదా?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పవలసినది నేను కాదు. ఆ జాబితా వ్రాసినవారు. కాని వారు చెడ్డవారు కారు. మాఘమాసమున వచ్చి, ఆకు లేని చెట్టును చూచి, ఎండినదని వ్రాసిరి. చెట్టును చూచుటకు ఒక దినము చాలదను సంగతి వారికెవరును చెప్పలేదు. నేను మరునాడు పని చూచుచున్న పెద్దమనిషిని నారయేపి కడకు తోడుకొని పోయితిని. దానిపై ఆకులింకను కొన్ని వ్రేలాడుచుండెను. కాని అవి పసుపుబారుటచే ఆయన దానిని చావు గుర్తుగా తలచెను. సన్నని రెమ్మ పైబెరడును గోటితో గీచి చూపితిని. లోపల పచ్చగా, తడిగా నుండెను. "చచ్చిన కొమ్మ పెళుసుగా విరుగును, లోపల గోధుమవన్నెగా నుండును; బ్రదికియున్న కొమ్మ వంగును, లోపల పచ్చగా నుండును. వైశాఖము వరకు గడువిండు, చిగురింపకున్న మీ చిత్తము" అని చెప్పితిని. ఆయన తానును గోటితో మరి రెండు రెమ్మలు గీచి చూచెను. పిమ్మట జాబితాలో ఆ చెట్టు పేరు చెరిపివేయించెను. ఆ నారయేపి చిగిర్చినది. నేను ఆ బడి విడిచిన నాటికి దాని నీడను రెండు తరగతులు కూర్చుండుచుండెను. మోదుగు మొదలును కూడ మేము త్రవ్వనీయలేదు. చుట్టును కంప నాటితిమి. తొలకరి తరువాత దాని మొదటనుండి అయిదారు పిలకలు లేచినవి.

నెత్తురు సంగతి అడిగిన ఆ బాలుడు అంతవరకు బడిలో నిలువలేదు. పాలమూరు కూలీల పేరు దేశమెల్ల నెరుగును. ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మన్ను మోసినవారు మా జిల్లా జనులు. పంట చేతికి వచ్చిన పిదప పొలములో పని యుండదు. గుంపుమేస్త్రీ ఇచ్చిన ముందుసొమ్ము అప్పుల క్రింద పోవును. ముసలివారిని ఇంట నుంచి, పిల్లలను చంకనెత్తుకొని, జనము దూరదేశములకు వలసపోవుచుండిరి. మాఘ ఫాల్గుణములలో అడవి చెట్లవలెనే మా ఊళ్లును, మా తరగతి గదులును బోడివగుచుండెను. ఆ ఫాల్గుణమున ఆ బాలుడును తల్లిదండ్రులతో కాలువ పనికి పోయెను. వేసవి ముగిసి బడి తెరచిన తరువాత హాజరుపట్టీ కొత్తగా వ్రాయుచు, తోటి యుపాధ్యాయులొకరు, "వీడు రాడులెండు. పేరు తీసివేయుదమా?" అని అడిగిరి. "మృగశిర దాటనిండు" అంటిని. నియమములు అనుమతించినంత కాలము ఆ పేరును నిలిపియుంచితిమి. మంచి వాన పడిన నాలుగు దినములకు ఆ బాలుడు వచ్చెను. గదిలోనికి రాకముందే కంప దగ్గరకు పోయి, మోదుగు పిలకలను లెక్కపెట్టి, పిమ్మట వచ్చి తన తావున కూర్చుండెను. వెనుకబడిన పాఠములు దసరా నాటికి అందుకొనెను.

అందరును అట్లు వచ్చిరని చెప్పినచో అసత్యమగును. ఆ సంవత్సరమే వలసపోయిన బాలిక యొకతె మరల రాలేదు. ఆమె చేతివ్రాత గల నోటుపుస్తకమొకటి బీరువాలో చాలకాలముండెను. చెట్లలోను కొన్ని చిగిర్పవు. అన్ని వేరులకును ఒకే లోతు ఉండదు. కాని చిగిర్చునో చిగిర్పదో తెలియకముందే గొడ్డలి వేయువాడు ఒక్క చెట్టును గాదు, దాని రాబోవు యేండ్లనన్నింటిని నరుకుచున్నాడు. పేరు కొట్టివేయు కలమును గొడ్డలివంటిదే. నేడు మా మండలములోని ఎల్లూరు వద్ద కృష్ణనుండి కల్వకుర్తి ఎత్తిపోతల కాలువలకు నీరెక్కించుచున్నారు. జొన్న మాత్రమే పండిన కొన్ని చెలకలలో వరి కనబడుచున్నది. వలసలు మునుపటివలె లేవు. వేరునకు నీరు దొరికిన చోట ఆకు రాల్చవలసిన అగత్యము తగ్గును. చెట్టునకైనను, ఊరికైనను ఇది యొకటే ధర్మము.

ఇక చెట్లు నాటు విషయము. 1950 లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. మన రాష్ట్రమున 2015 లో హరితహారమను కార్యక్రమము మొదలయ్యెను. ఇవి మేలైన పనులు. అయితే చెట్టు నాటువారు సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న, "ఇది ఏడాది పొడుగున పచ్చగా ఉండునా?" అనునది. రెండవ ప్రశ్న, "ఇది త్వరగా పెరుగునా?" అనునది. ఆకు రాల్చు చెట్టు ఈ రెండు పరీక్షలలోను తప్పును. "చెత్త యెవరు ఊడ్చెదరు?" అను మూడవ ప్రశ్నతో దాని కథ ముగియును. కోనోకార్పస్ వంటి పరదేశపు చెట్లు మన వీథులలో బారులు తీరుటకు ఇదియే కారణము. నేనడుగు ప్రశ్న వేరు: "మూడవ యేడు నీరు పోయువాడు లేనప్పుడు ఇది బ్రతుకునా?" అట్టి పరీక్షలో నెగ్గునవి మన నేలలో పుట్టి, మన యెండకు ఆకు రాల్చుట నేర్చిన చెట్లే. వేసవిలో కొంతకాలము నీడ నీయకపోవుట వాని లోపమే, దానిని దాచనక్కరలేదు. అందుచేతనే వేప, చింత, కానుగలను కూడ నడుమ నడుమ నాటవలెను.

ఈ విషయమున ఆ చలిసీమవారి అనుభవము మనకు పనికివచ్చును. 1930 ప్రాంతమున అమెరికా మైదానములలో ఏండ్ల తరబడి వానలు లేక, దున్నిన నేల దుమ్మై ఆకాశమున కెగసెను. పొలములు పాడై జనులు లక్షలుగా వలసపోయిరి. వారును పాలమూరువారివలె కడుపు చేతబట్టుకొని పోయినవారే. 1934 లో అధ్యక్షుడు రూజ్‌వెల్టు గాలిని అడ్డుకొనుటకై చెట్ల బారులు నాటింపవలెనని ఆజ్ఞాపించెను. 1942 వరకు ఉత్తర డకోటా మొదలు టెక్సాసు వరకు సుమారు 22 కోట్ల మొక్కలు నాటబడెను. గ్రీన్ యాష్, బర్ ఓక్, ఎల్మ్, కాటన్‌వుడ్ మొదలగు ఆకురాల్చు చెట్లు ఆ సీమ చలికి నిలుచునవి. కాటన్‌వుడ్ మన బూరుగునకు చుట్టము కాదు గాని, దాని గింజలును దూది తొడిగికొని గాలిలో తేలిపోవును.

ఆ దేశపు పట్టణములవారు మాత్రము వీథుల కిరువైపుల ఎల్మ్ చెట్లనే విశేషముగా నాటుకొనిరి. ఐరోపానుండి వచ్చిన తెగులొకటి వానిని లక్షలకొలది చంపెను. పిదప అనేక పట్టణములలో ఎల్మ్ పోయిన చోట యాష్ చెట్టునే వరుసగా నాటిరి. 2002 లో మిషిగన్ రాష్ట్రమున తూర్పు ఆసియానుండి వచ్చిన పచ్చని పురుగొకటి కనబడెను. దాని పిల్లపురుగులు బెరడు క్రింద తొలుచుచు పోయి కోట్లకొలది యాష్ చెట్లను చంపినవి. మంచునకు జంకని చెట్టు పురుగునకు లోబడెను. ఎంత గట్టి చెట్టైనను ఒక్క జాతినే నమ్ముకొన్న వీథికి ఒక్క పురుగు చాలునని దీనివలన తెలియుచున్నది. నల్లమలలో ఒక గుట్టపై నిలిచి లెక్కింపుడు; పది జాతుల చెట్లయినను కనబడును. అడవి యెన్నడును ఒక్క పేరును వల్లె వేయదు.

రాలిన ఆకుల సంగతి కూడ చెప్పి ముగించెదను. ఊడ్చువారికి అది చెత్త. నేలకు అది దుప్పటి. వానచినుకు బలముగా పడి మన్నును కొట్టుకొనిపోకుండ ఆకు అడ్డుపడును; కుళ్లి ఎరువగును; చెట్టు తీసికొనలేక విడిచిన సారమును మరల వేరునకే చేర్చును. అడవిలో ఆ ఆకులకు నిప్పంటుకొన్నచో ఈ మేలంతయు బూడిదయగును. ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు నల్లమలలో కార్చిచ్చు భయము మిక్కుటము. ఒక్కొక్కప్పుడు ఆర్పక పారవేసిన చుట్టముక్క యొక్కటి చాలును. అడవిలో నడచునప్పుడు మీరు నిప్పు తీసికొని పోకుడు. తీసికొని పోవువారిని చూచినచో వినయముగా వారింపుడు. బడి ఆవరణములోని ఆకులను కాల్చక, ఒక మూల గుంత త్రవ్వి, మన్నుతో కలిపి, అప్పుడప్పుడు నీరు చల్లుచుండుడు. కొన్ని నెలలలో అది మీ తోటకు మేలైన ఎరువగును.

మీ ఊరిలో ఆకు రాల్చు చెట్టు నొకదానిని ఎన్నుకొనుడు. అది ఏ దినమున రాల్చుట మొదలిడెనో, ఏ దినమున మొదటి పూవు పూచెనో, ఏ దినమున చిగురు కనబడెనో నోటుపుస్తకములో వ్రాసికొనుడు. మూడు సంవత్సరములు విడువక వ్రాసినచో ఆ చెట్టును గూర్చి మీ ఊరిలో మీకంటె ఎక్కువ తెలిసినవారుండరు. ఎవరైనను గొడ్డలితో వచ్చి అది ఎండినదని చెప్పినప్పుడు, మీ పుస్తకము తెరచి చూపుడు; గోటితో రెమ్మను గీచి చూపుడు. మీ ప్రక్కన కూర్చుండవలసిన బాలుడో, బాలికయో బడికి రాని దినము వచ్చినచో, వారి యింటికి పోయి, ఎప్పుడు వచ్చెదరని అడుగుడు. ఆకు లేని కొమ్మలో పచ్చదనమున్నదో లేదో దూరమునుండి తెలియదు. దగ్గరకు పోయి చూచినవారికే తెలియును.